పీర్ల కొట్టం తలుపు తెరిచేదాకా

మూడేళ్ల కిందట ఇదే పత్రికలో నేనొక ప్రయాణం గురించి రాశాను. సోమశిలకు దగ్గరలో, కృష్ణ ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊళ్లో పీర్ల పండుగ చూసి వచ్చి రాసింది అది. అందులో ఒకచోట ఇలా ఉంది: "లోపలికి వెళ్లిన ముజావరు, ఎన్నో ఏళ్లుగా పీరును ఎత్తుతున్న హిందువు ముఖం మీదే తలుపు మూసేశాడు. కాలం మారిపోయింది."

రాసిననాడు ఆ రెండు వాక్యాలూ నాకు చాలా నచ్చాయి. అవి తప్పని చెప్పడానికే ఇప్పుడు మళ్లీ రాస్తున్నాను.

తలుపు మూయడం నేను చూశాను, అది నిజం. అది మళ్లీ తెరుచుకోవడం చూడలేదు. ఆటో అతను బయట హారన్ కొడుతుంటే లేచి వచ్చేశాను. మా వరంగల్ వైపు పీర్ల కొట్టం తలుపులు పండుగ పది రోజులూ బార్లా తెరిచే ఉంటాయి. అక్కడ పండుగనాడు తలుపు మూసి ఉందంటే ఏదో గొడవ జరిగినట్టే. ఆ కొలబద్ద పట్టుకుపోయి ఇంకో ఊరి తలుపును కొలిచాను.

మా పత్రిక చదివేవాళ్లు కొద్దిమంది. కానీ ఎవరో ఆ రెండు వాక్యాలను కత్తిరించి, ఊరి పేరు మాత్రం ఉంచి, ఫోన్లలో తిప్పారు. ఆ సంగతి నాకు తెలియలేదు. ఈ ఏడు ముహర్రం నెల మొదలవడానికి ముందు గద్వాల నుంచి ఒక ఫోన్ వచ్చింది.

"నా పేరు సుజాతమ్మ సార్. మేం చీరలు నేస్తం. మీరు రాసిన ఊరి పీరుకు ఏటా దట్టీ మా ఇంట్లకెల్లే పోతది. మీరు రాసినప్పటి సంది ఆ పీరు లేస్తలేదు. ఈసారి దట్టీ మీరే తీస్కపోండ్రి. పోయి తలుపు తెరిచేదాక కూసోండ్రి."

నేను ఏదో అనబోయేలోగా ఫోన్ పెట్టేసింది.

ఆ ఊరి పేరు ఈసారి రాయడం లేదు. పోయినసారి రాసింది చాలు.

గద్వాల: పడుగు మీద మొదటి బట్ట

గద్వాలలో దిగేసరికి తుంపర పడుతోంది. వాన అనడానికి వీల్లేనంత సన్నగా, ఎవరో నిద్రలో ఊపిరి వదులుతున్నట్టు. బస్టాండు పక్కన ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తిన్నాను. నలభై రూపాయలు. మా వైపు మరమరాలను సాయంత్రం పూట నోట్లో వేసుకోవడమే గాని, తడిపి తాలింపు పెట్టి పొద్దున్నే ఫలహారంగా తినడం లేదు. తినే కొద్దీ ఇంకా తినాలనిపించింది.

నేతగాళ్ల వీధిలో మనుషుల కంటే ముందు మగ్గాలు వినబడతాయి. ఒక ఇంట్లో చప్పుడు ఆగితే పక్కింట్లో అందుకుంటుంది. తడి గోడల మధ్య ఆ చప్పుళ్లు వింటూ నడుస్తుంటే, అడ్రసు కోసం వెతుకుతున్నానన్న మాట కాసేపు మరిచిపోయాను.

సుజాతమ్మకు యాభై దాటి ఉంటాయి. ఆమె భర్త రాఘవులు గుంటలో కాళ్లు పెట్టుకుని మగ్గం మీద ఉన్నాడు.

"వచ్చిండా?" అన్నాడు తల ఎత్తకుండానే.

"వచ్చిండు. సూడనీకి మంచోని లెక్కనే ఉన్నడు," అంది సుజాతమ్మ.

నేను చెప్పులు విప్పి చాప మీద కూర్చున్నాను. పీరంటే చేతి ఆకారంలో చేసిన ఇత్తడి బిళ్లను కర్రకు తొడిగి నిలబెట్టేది; దాని బాగోగులు చూసే మనిషి ముజావరు. పీరు చుట్టూ కట్టే బట్ట దట్టీ. మొక్కుకున్నవాళ్లు తెచ్చి కట్టిస్తారు. ఈ ఇంట్లో మాత్రం దానికొక పద్ధతి ఉంది. మగ్గానికి కొత్త పడుగు ఎక్కించినప్పుడు, చీర మొదలుపెట్టక ముందు, ఆ పడుగు మీద నేసే మొదటి బట్ట పీరుది. అది కోసి పక్కన పెట్టాకే అమ్మకానికి పోయే చీర మొదలవుతుంది. రాఘవులు తాతకు పిల్లలు పుట్టి నిలవకపోతే ఆ పీరుకు మొక్కుకున్నాడట. ఆ తరువాత పుట్టినవాడు నిలిచాడు. ఆయనే రాఘవులు తండ్రి.

"మీరు ముస్లింలు కాదు గదా అని ఎవరూ అడగలేదా?" అన్నాను.

"ఎవరడుగుతరు?" రాఘవులు నాడె విసురుతూ నవ్వాడు. "పీరు అడగలే. ముజావరు జాఫర్ సాబ్ అడగలే. అడిగినోల్లు మీరే."

మగ్గం మీద ఒళ్లంతా నూలు, అంచు మాత్రం పట్టు. రెండూ కలిసేచోట పోగుకు పోగును చేత్తో తగిలిస్తున్నారు. ఆయన ఒకవైపు, పని చూసుకుంటూనే ఆమె రెండోవైపు. నేను ఆ అంచును వేలితో ముట్టుకుని, "నూలూ పట్టూ ఇలా కలిసినట్టే మన..." అని మొదలుపెట్టాను.

"ఆగుండ్రి సార్," అంది సుజాతమ్మ. "పోయినసారి గూడ గిట్లనే తలుపును సూసి కాలం మారిందని రాసిండ్రు. అంచు అంచే. దట్టీ దట్టీనే. రొట్టె తినుండ్రి."

జొన్నరొట్టె, పుండికూర, వెల్లుల్లి కారం. మేము గోంగూర అనేదాన్నే వాళ్లు పుండికూర అంటారు. తింటుంటే రాఘవులు మగ్గం దిగి వచ్చి, ఆ తలుపు సంగతి చెప్పాడు. మూడేళ్ల కిందట నేను ఎవరినీ అడగని సంగతి.

"ఆ పీరును బట్ట లేకుంట ఎవ్వరు సూడొద్దు. జాఫర్ సాబ్ పెండ్లాం గూడ సూడదు. పాత దట్టీలు తీసి కొత్తది కట్టనీకి తలుపేస్కుంటడు. కట్టినంక జర తలుపు తీసి నర్సింహులును పేరు వెట్టి పిలుస్తడు. నర్సింహులు 'ఉన్న' అనాలె. అన్నంకనే తలుపు బార్ల తీస్తడు. మొదటి అడుగు నర్సింహులుది. సాయబులైనా, కాపోల్లైనా, ఊరంతా ఆయన ఎనకనే."

నర్సింహులు అంటే మూసిన తలుపు ముందు నేను చూసిన మనిషి. ఆ ఇంటివాళ్లే తరాలుగా ఆ పీరును ఎత్తుతారు.

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడేముంది? ఫోన్ల వచ్చింది సూసి నర్సింహులు కొడుకు తండ్రిని పోనిస్తలేడు. పోయినేడు దట్టీ తీస్కోని నేనే పోయిన. జాఫర్ సాబ్ కట్టిండు, తలుపు తీసిండు, పేరు వెట్టి పిల్సిండు. ఎవ్వరు పలకలే. మల్ల తలుపు వెట్టిండు. అంతకుముందు ఏడు గూడ గంతే అంట."

"వేరే ఎవరినైనా ఎత్తమనొచ్చు కదా?"

"అనొచ్చు. అనడు," అన్నాడు రాఘవులు.

సుజాతమ్మ దట్టీని మడిచి, మధ్యలో కొంచెం ఊదు పొడి పొట్లం పెట్టి, గుడ్డ సంచిలో వేసి నా చేతికిచ్చింది. ఆకుపచ్చ బట్ట, ఎర్రటి అంచు. "ఈసారి గూడ లేవకుంటే జాఫర్ సాబ్ తలుపుకు తాళం వేసి తాళంచెవి ఏట్ల ఇడుస్తా అన్నడు సార్. ముసలోడు ఊకె అనే రకం కాదు," అంది.

ఆత్మకూరు: సంచి పోయింది

గద్వాల నుంచి బస్సు జూరాల ఆనకట్ట మీదుగా పోతుంది. కిటికీ అవతల నీళ్లు, ఆకాశం ఒకే రంగులో ఉన్నాయి. ఎక్కడ ఏది ముగుస్తుందో తెలియలేదు. రాత్రంతా నిద్ర లేదేమో, కన్ను మూస్తే ఆ నీళ్ల మీదే బస్సు తేలుతున్నట్టు ఉంది. నా పక్కన బురఖాలో ఒకామె, ఒళ్లో టిఫిన్ క్యారియర్‌తో కూర్చుంది.

ఆత్మకూరులో బస్సు కాసేపు ఆగుతుందన్నారు. చాయ్ కోసం దిగాను. మా వైపు చాయ్ అడిగితే గ్లాసు నిండా ఇస్తారు. ఇక్కడ రెండు గుటకల కప్పు, పది రూపాయలు, కానీ ఏలకుల వాసన పొగలా లేస్తోంది. ఆ వాసనకు కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి బస్సు లేదు. సంచి అందులోనే ఉంది.

షేర్ ఆటో మారి, జీపు మారి వనపర్తి చేరేదాకా ఒకటే ఆలోచన. సుజాతమ్మకు ఏమని చెప్పాలి? ఒకసారి తప్పు రాశాను, రెండోసారి దట్టీనే పోగొట్టాను.

వనపర్తి బస్టాండులో బెంచీ మీద ఆ బురఖా ఆమె కూర్చుని ఉంది. ఒళ్లో క్యారియర్ మీద నా సంచి.

"ఎక్కడ వోయినవ్ అన్నా?" అంది నన్ను చూడగానే. "మా బిడ్డ ఇంటికి పోవాలె నేను. నీ కోసం గీడనే కూసున్న."

ఆమె పేరు రజియా. గద్వాలలో వాళ్లకు వెల్డింగ్ షాపు ఉంది. నేను దండం పెట్టబోతే చేతులు అడ్డం ఊపింది.

"కండక్టరుకు ఇచ్చేసి పోదామనుకున్న. ఊదు వాసన వచ్చింది. పీరు దట్టీ గదా? వాడు డ్రైవరు సీటు కింద వడేస్తడేమోనని ఇయ్యలే."

"మీరు కూడా పీర్ల పండుగ చేస్తారా?"

"లేదు. మా ఆయనకు ఇష్టముండదు. గవి మన దీన్‌ల, మన మతంల లేవంటడు. నేను గూడ పోను." సంచి మీద చెయ్యి వేసింది. "మా అమ్మ పోతుండె. కానీ గిది నా మొక్కు కాదు గద, ఎవరిదో. ఎవరి మొక్కైనా కింద వెట్టొద్దు."

ముస్లింలందరూ పీర్లను మొక్కుతారనీ, లేదంటే ఎవరూ మొక్కరనీ రాయడం నాలాంటివాళ్లకు సులభం. మొక్కని మనిషి ఒళ్లో పెట్టుకుని కాపాడిన దట్టీని ఏ లెక్కలో రాయాలో నాకు తెలియలేదు. ఆమె క్యారియర్ మూత తీసి కొంచెం గుడ్డు కూర, రొట్టె నా చేతిలో పెట్టింది. "మీ బిడ్డకు తక్కువవుతుంది," అని నేనంటే, "అల్లునికి తక్కువైతది, వానికి పొట్ట జాస్తైంది," అని నవ్వి, ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

ఆ రాత్రి వనపర్తిలోనే ఉన్నాను. సంచి తలకింద పెట్టుకుని పడుకున్నాను.

నాగర్‌కర్నూల్: మోటార్ వైండింగ్ షాపు

నర్సింహులు ఇప్పుడు ఊళ్లో ఉండడం లేదని రాఘవులు ముందే చెప్పాడు. కొడుకు శ్రీను నాగర్‌కర్నూల్‌లో బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపు పెట్టాడు. తండ్రిని అక్కడికే తెచ్చుకున్నాడు. షాపు ముందు కాలిపోయిన మోటార్లు వరుసగా పడి ఉన్నాయి. లోపల రాగి తీగ చుట్టలు చుట్టలుగా మెరుస్తోంది. ఒక మూల స్టూలు మీద సన్నగా, పొడుగ్గా ఉన్న మనిషి కూర్చుని తీగ చిక్కు తీస్తున్నాడు. వెంటనే గుర్తుపట్టాను. ఆయన నన్ను గుర్తుపట్టలేదు.

నేనెవరో చెప్పాను. శ్రీను చేతిలో పని ఆపాడు.

"మీరేనా సార్? మీరు రాసింది నేనే మా ఊరి గ్రూపుల వెట్టిన," అన్నాడు. అందులో గొప్ప లేదు, సిగ్గూ లేదు. "మా నాయినను బయట నిలవెట్టి తలుపేసుడు ఏంది అని కడుపు మండింది. ముప్పై ఏండ్ల సంది మోస్తుండు."

"నేను రాసింది తప్పు శ్రీనూ. అది దట్టీ కట్టడానికి వేసే తలుపు. కట్టాక తెరుస్తారు. మొదట మీ నాన్ననే పిలుస్తారు."

"మీరు సూసిండ్రా?"

"ఏది?"

"తెరుసుడు. పిలుసుడు."

"లేదు. నేను ముందే వచ్చేశాను."

శ్రీను నవ్వాడు. "అప్పుడు మొత్తం సూడకుంట ఏసిండ్రని రాసిండ్రు. ఇప్పుడు సూడకుంట తెరుస్తరని చెప్తుండ్రు. రెండిట్ల ఏది నమ్మాలె సార్?"

 ఆ కుర్రవాడు అడిగింది న్యాయమైన ప్రశ్న. దాన్ని మూడేళ్ల కిందట నాకు నేనే వేసుకోవాల్సింది. షాపు ముందు నుంచి ట్రాక్టరు ఒకటి పోయింది. దాని దుమ్ము ఎండలో చాలాసేపు నిలబడింది.

"ఈ నడుమ మా అమ్మ సచ్చిపోతే గూడ జాఫర్ సాబ్ ఇంట్లకెల్లి ఒక్కలు రాలే," అన్నాడు శ్రీను మళ్లీ. "గది మీ రాతల లేదు గద. గది నేను సూసిందే."

"వచ్చిండు," అన్నాడు నర్సింహులు.

తీగ చిక్కు మీంచి కళ్లు ఎత్తలేదు. కొడుకు అటు తిరిగాడు.

"ఎవరు?"

"జాఫరన్న. మూడో దినం పొద్దుగాల్ల పాలు వోయనీకి నేను బొందకాడికి పోతే, ఆడ కూసొని ఉన్నడు. నన్ను సూసి లేసి పోయిండు. ఇద్దరం మాట్లాడుకోలే."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అడగలే."

"తలుపు సంగతి?"

 నర్సింహులు వేళ్లు తీగ మీద ఆగకుండా కదిలాయి.

"తలుపు ఎందుకేస్తడో నాకు తెల్వదారా? మా నాయిన ఎంబడి పోయినప్పటి సంది తెల్సు. నువ్వు కోపంగ ఉంటివి. ఊర్ల పోరగాల్లందరు నా దిక్కుకెల్లే మాట్లాడుతుండిరి. 'నర్సింహులు తాతకు అన్యాయం జరిగింది' అని. ఎన్నడు నన్ను ఎవ్వడు గట్ల పట్టించుకోలే. చెప్దామనుకుంటనే ఒక ఏడు పోయింది. ఏడు పోయినంక ఏం మొకం వెట్కోని చెప్పాలె?"

శ్రీను వైండింగ్ బల్ల మీద చేతులు ఆనించి నిలబడ్డాడు. నేను ఊరికి రమ్మని అడిగాను. నర్సింహులు రాననలేదు, వస్తాననలేదు. చాయ్ తెప్పించాడు. తాగినంతసేపూ మేం ముగ్గురమూ రోడ్డు వైపే చూశాం. లేచేటప్పుడు సంచిలోంచి దట్టీ తీసి ఆయనకు చూపించాను. ముట్టుకోలేదు. "ఈసారి అంచు జర ఎడల్పు వెట్టిండు రాఘవులు," అన్నాడు.

కొల్లాపూర్ మీదుగా సోమశిల

కొల్లాపూర్‌లో మామిడి పండ్ల కాలం అయిపోవచ్చింది. తోపుడు బండి మీద మిగిలినవి కిలో నలభై అంటే రెండు కిలోలు కొన్నాను. బండి అతను ఒక పండు కోసి రుచి చూపించి, "వానపడ్డ పండు సార్, తియ్యగ ఉంటది గాని నిలవది, తొందరగ తినాలె," అన్నాడు. సోమశిల చేరేలోపే సగం తినేశాను. చొక్కా మీద పడిన మరక ఇంటికొచ్చాక కూడా పోలేదు.

సోమశిలలో నది ఇంకా నిండలేదు. నీళ్లు వెనక్కి పోయి, ఒడ్డు ఎండి, బీటలు వారి ఉంది. గుడి మెట్ల దగ్గర నదిలో మునిగొచ్చిన యాత్రికులు తడిబట్టలతో నిలబడ్డారు. దట్టీ తీసుకుపోవాల్సిన ఊరికి రోడ్డు ఉంది. అయినా బోటు ఎక్కాను. ఎందుకో నేరుగా పోయే ధైర్యం లేదు.

బోటు నడిపే మల్లేశు మాటకారి. "ప్రాజెక్టు నీళ్లొచ్చి పాత ఊర్లన్ని మునిగినయ్ సార్. ఇప్పుడున్నయి మీదికి జరిగిన ఊర్లు," అన్నాడు. కొంతదూరం పోయాక ఇంజను ఆపేశాడు. ఒక్కసారిగా అంతా నిశ్శబ్దమైంది. పక్కన బురద మీంచి ఒక మొండి గోడ, రెండు రాతి స్తంభాలు బయటికి వచ్చి ఉన్నాయి. నీడలు నీళ్లలో వణుకుతున్నాయి. అక్కడ వీధులుండేవి, ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకునేవాళ్లు అనుకుంటే ఒళ్లు తేలికైపోయినట్టుంది. నేను కూడా ఆ నీళ్ల కింద ఎక్కడో కూర్చుని పైకి చూస్తున్నట్టు.

"అది గుడా, మసీదా?" అన్నాను గోడను చూపించి.

"బురదల ఉన్నప్పుడు తెల్వదు సార్," అన్నాడు మల్లేశు. తర్వాత నా ముఖం చూసి నవ్వాడు. "ఊకనే అన్న. గది కరణం ఇంటి బాత్రూం."

జాఫర్ సాబ్

ఊరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. జాఫర్ సాబ్ పీర్ల కొట్టం అరుగు మీద కూర్చుని ఉన్నాడు. డెబ్భై దాటాయి. కళ్లకు పొర కమ్మింది. దట్టీని చేతికిస్తే అంచు వెంబడి వేలు పోనిచ్చి, "రాఘవులు మగ్గమే," అన్నాడు. నేనెవరో చెప్పాను. ఆయన భార్య లోపలి నుంచి నీళ్లు తెచ్చింది. నేను నీళ్లు తాగాను.

"నువ్వు రాసింది నేను చదవలే బేటా. చదివి వినిపిచ్చిండ్రు," అన్నాడు అప్పుడు జాఫర్ సాబ్.

"తప్పు చేశాను. ఊరివాళ్లందరికీ నేనే చెప్తాను. మైకు పెట్టి చెప్పమన్నా చెప్తాను."

"నువ్వేం చెప్పకు. శానా చెప్పినవ్." గొంతులో కోపం లేదు. "నీ మీద నాకేముంటది? నువ్వు పరాయోడివి, సూసినవ్, పోయినవ్. తలుపు ముంగట నిలవడ్డోడు వాడు. నేనెందుకేస్తనో వానికి తెల్వదా? ఒక్క మాట వానింట్ల చెప్పొద్దా? పేరు వెట్టి పిలుస్తే గోడలు ఇంటయ్ గాని వాడు ఇనడా?"

"వేరేవాళ్లను పిలవచ్చు కదా," అన్నాను మళ్లీ. గద్వాలలో జవాబు విని కూడా అడిగాను.

"మా అబ్బాజాన్ నర్సింహులు నాయినను పిల్సిండు. నేను నర్సింహులును పిలుస్తున్న. ఇంకో పేరు నా నోటికి రాదు. వాడు రాకుంటే రేపటితోని అయిపోయె." ఆయన దట్టీని కళ్లకద్దుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. "మలీద తిన్నవా? తిను. రొట్టె నలిపి బెల్లం కలిపినం. బాగుంటది."

తలుపు

పదో రోజు పొద్దున్నుంచీ కొట్టం ముందు జనం చేరారు. పోయినసారి ఉన్నంతమంది లేరని నాకే తెలిసింది. ముస్లింల ఇళ్ల నుంచి వచ్చారు. హిందువుల ఇళ్ల నుంచి ఆడవాళ్లు కొబ్బరికాయలు, బెల్లం పట్టుకుని వచ్చి దూరంగా నిలబడ్డారు. మగవాళ్లు తక్కువ. డప్పులవాళ్లు మాత్రం వచ్చి, మంట దగ్గర డప్పులు కాచుకుంటున్నారు. నర్సింహులు లేడు. శ్రీను లేడు. నేను అరుగు ఎదురుగా రాయి మీద కూర్చున్నాను. ఈసారి ఆటో మాట్లాడుకోలేదు.

మధ్యాహ్నం ఎండ కాస్త వాలాక జాఫర్ సాబ్ దట్టీతో లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

చాయ్ బండి దగ్గరున్న ఇద్దరు కుర్రాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. "సూసినవారా? మల్ల ఏసిండు," అన్నాడొకడు. పక్కన బెల్లం పట్టుకున్న ముసలమ్మ వాడి నెత్తిన ఒక్కటేసింది. "నీకు సిగ్గు లేదుర, నువ్వు స్నానం చేసి బట్టలు గట్టేటప్పుడు తలుపు తీసే ఉంచుతవా?"

ఇంత చిన్న మాట. ఆ రోజు అక్కడ ఎవరిని అడిగినా చెప్పేవాళ్లు.

తలుపు సందుల్లోంచి ఊదు పొగ బయటికి వచ్చింది. ఎండలో అది ఎటూ పోక, గుమ్మం ముందే మెల్లగా మెలికలు తిరిగింది. దాన్ని చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. లోపల పీరుకు కట్టే గజ్జెల చప్పుడు చిన్నగా వినిపించి ఆగింది. గడియ తీసిన శబ్దం. తలుపు జానెడు తెరుచుకుంది.

"నర్సింహులూ!"

ముసలి గొంతే గానీ వీధి చివరిదాకా పోయింది. డప్పులవాళ్లు చేతులు ఆపారు. ఎవరూ పలకలేదు.

"నర్సింహులూ!"

ఒక మేక అరిచింది. ఆడవాళ్లు తలలు వంచుకున్నారు. తలుపు రెక్క మీద జాఫర్ సాబ్ వేళ్లు కనిపిస్తున్నాయి. అవి మెల్లగా లోపలికి లాగుతున్నాయి. ఆ సందు సన్నబడడం నేను చూశాను. లేచి అరవాలనిపించింది. నువ్వేం చెప్పకు అన్నాడు జాఫర్ సాబ్. కూర్చున్నాను.

"ఉన్న! ఉన్ననే అన్నా! జర ఆగే!"

కొట్టం పక్కసందులోంచి వచ్చింది ఆ గొంతు. అందరూ అటు తిరిగారు. గడ్డివాము వెనక నుంచి నర్సింహులు ఒక చేత్తో గోడ పట్టుకుని లేవలేక లేస్తున్నాడు. చంక కింద చెయ్యి వేసి శ్రీను లేపుతున్నాడు.

"పొద్దుగాల్ల నుంచి గీడనే కూసున్నడు," అన్నాడు శ్రీను ఎవరికీ కాకుండా. "ముంగటికి పోదాం పా అంటే రాడు."

"కాలు తిమ్మిరెక్కిందే అన్నా! తలుపెయ్యకు!"

సందులోంచి జాఫర్ సాబ్ ముఖం సగం బయటికి వచ్చింది. పొర కమ్మిన కళ్లు ఆ గొంతు వైపు తిరిగాయి.

"రెండేండ్ల సంది తిమ్మిరేనారా నీకు?"

ముందు నవ్వింది ముసలమ్మ. తర్వాత అందరూ నవ్వారు. నర్సింహులు నవ్వుతూ, ఏడుస్తూ, కుంటుతూ వచ్చాడు. తలుపు బార్లా తెరుచుకుంది. ఆయన కుడికాలు గడప దాటింది. లోపల ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో వినిపించలేదు. జాఫర్ సాబ్ చెయ్యి నర్సింహులు వీపు మీద రెండుసార్లు గట్టిగా పడడం కనిపించింది. అది కొట్టడమో, నిమరడమో చెప్పలేను. ఆ తర్వాతే ఊరు లోపలికి పోయింది. చాయ్ బండి దగ్గరి కుర్రాళ్లు కూడా.

నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను: ఆ ఊళ్లో తలుపు వేసేది బట్ట కట్టడానికి. తెరిచి మొదట పిలిచేది నర్సింహులును. మొదట లోపలికి పోయేది ఆయన. ఎవరూ ఎవరినీ బయట పెట్టలేదు. పెట్టింది నా రాత. దానివల్ల ఇద్దరు ముసలివాళ్లకు రెండు పండుగలు పోయాయి. ఒకరి ఇంట్లో చావు జరిగితే రెండోవాడు దొంగలా వచ్చి బొంద దగ్గర కూర్చుని పోయాడు. అవి ఈ వ్యాసంతో తిరిగిరావు.

పీరును ఎత్తుకుని నర్సింహులు ఏటి దారి పట్టాడు. పూనకం రాలేదు. మామూలుగా, కాస్త కుంటుతూ నడిచాడు. పక్కన ఆయన భుజం పట్టుకుని జాఫర్ సాబ్. ఆయనకు దారి కనబడదు. వెనక డప్పులు. ఏటి మీద పొద్దు వాలి, బురద అంతా రాగిరంగులో వెలుగుతోంది. ముందు నడుస్తున్నవాళ్లు ఆ వెలుగులోకి పోయి కనబడకుండా పోతున్నారు, మళ్లీ కనబడుతున్నారు.

శ్రీను నా పక్కకు వచ్చాడు.

"సార్, గిది గూడ రాస్తరా?"

"రాస్తాను."

"అయితే గడ్డివాము ఎనక దాక్కున్నది, తిమ్మిరెక్కింది రాయకుండ్రి సార్. మా నాయిన ఇజ్జత్ పోతది."

ముందున్న నర్సింహులుకు వినబడినట్టుంది. పీరును రెండు చేతులా నిటారుగా పట్టుకుని, తల తిప్పకుండానే అన్నాడు.

"రాయనియ్యిరా. మల్ల సగమే రాస్తే పరేషాన్ అయితది."